బాహా 1000: ఒకే బండి, ఐదుగురు రైడర్లు. వంతులు ఎలా పంచుకోవాలి?

ఎర్రమట్టి రాశారు:

మిత్రులందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. పన్నెండేళ్లుగా శాన్ డియాగోలో ఉంటున్నాను. వారాంతాల్లో సరిహద్దు దాటి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మట్టిదారుల్లో బండి తోలడం ఆరేళ్లుగా అలవాటైంది. వచ్చే నవంబరులో అక్కడ జరిగే బాహా 1000 అనే ఎడారి పందెంలో జట్టుగా పాల్గొనాలని ఐదుగురం నిశ్చయించుకున్నాం. నాతోపాటు గుంటూరు మిత్రుడొకరు, కోయంబత్తూరు మిత్రుడొకరు, మా ఆఫీసులోనే పనిచేసే మెక్సికన్ అన్నదమ్ములిద్దరు ఉన్నారు. అందరికీ నలభై దాటాయి కనుక నలభై పైబడినవారి కోసం ఉన్న ప్రో మోటో 40 తరగతిలో పేరు ఇవ్వబోతున్నాం. బండి ఒక్కటే. అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న హోండా సీఆర్ఎఫ్ 450ఎక్స్.

మార్గం ఎన్సెనాడాలో మొదలై, శాన్ ఫెలిపే వైపు ఎడారి చుట్టి, పసిఫిక్ తీరం మీదుగా మళ్లీ ఎన్సెనాడాకే చేరుతుంది. నా సందేహం ఒక్కటే. మొత్తం దూరాన్ని ఐదు సమాన భాగాలు చేసి ఒక్కొక్కరు ఒక్కసారే బండి ఎక్కాలా, లేక చిన్న వంతులుగా విడగొట్టి కొందరు రెండేసి సార్లు ఎక్కాలా? మాలో ఇద్దరు మిగతా ముగ్గురికంటే స్పష్టంగా వేగంగా తోలతారు. వాళ్లకే ఎక్కువ దూరం ఇవ్వాలని ఒక వాదన, డబ్బు అందరం సమానంగా పెట్టుకున్నాం కనుక దూరం కూడా సమానంగానే ఉండాలని మరొక వాదన మా మధ్య నెల రోజులుగా నలుగుతున్నాయి. అనుభవం ఉన్నవారు చెబితే తెలుసుకోవాలని ఉంది.

పాతసైలెన్సర్ రాశారు:

ఎర్రమట్టి గారూ, నేను ఈ పోటీలో జట్టు సభ్యుడిగా మూడుసార్లు పాల్గొన్నాను. రెండుసార్లు చివరిదాకా వెళ్లాం, ఒకసారి దారిలోనే ఆగిపోయాం. ఆగిపోయిన కథ తర్వాత చెబుతాను.

దూరాన్ని మైళ్లలో పంచుకోవాలనుకోవడమే మొదటి పొరపాటు. ఈ మార్గంలో ఒక మైలు మరో మైలుకు సాటి రాదు. శాన్ ఫెలిపే చుట్టుపక్కల ఇసుకలో వరసగా లేచి ఉండే మిట్టలను అక్కడివాళ్లు వూప్స్ అంటారు. మోకాలెత్తు చాళ్లు తీసిన పొలానికి అడ్డంగా బండి తోలినట్టు ఉంటుంది వాటిమీద. సీటు మీద కూర్చునే వీలుండదు, గంటల తరబడి నిలబడే తోలాలి, ముందు చక్రం మిట్ట మీద మిట్టను తాకుతూ పోతుందే తప్ప పల్లంలోకి దిగకూడదు. అదే దూరం ఎండిన చెరువులాంటి చదును నేల మీద అరగంటలో దాటేస్తారు. కాబట్టి పంచుకోవలసింది దూరాన్ని కాదు, కాలాన్ని. మామూలుగా వారాంతాల్లో తోలేవారికి ఒక దఫా మూడు, మహా అయితే నాలుగు గంటలు దాటితే చేతుల్లో పట్టు తప్పుతుంది. పట్టు తప్పాక పోయేది వేగం కాదు, వివేకం.

రెండో సంగతి మార్గానికీ రోడ్డుకూ ఉన్న సంబంధం. బండి చేతులు మారే చోటు మీ ఇష్టప్రకారం ఉండదు, తారురోడ్డు ఇష్టప్రకారం ఉంటుంది. తర్వాతి రైడర్ అక్కడికి ట్రక్కులో చేరుకోగలగాలి, దిగిన రైడర్‌ను ట్రక్కు తీసుకుపోగలగాలి. మ్యాపు ముందు పెట్టుకుని మార్గం హైవే 3ను, 5ను, 1ని ఎక్కడెక్కడ తాకుతోందో మొదట గుర్తించండి. మీ వంతులు ఆ చుక్కల మధ్యనే పుడతాయి.

మూడోది ప్రీరన్. పోటీకి కొన్ని వారాల ముందు మార్గం ప్రకటిస్తారు, అప్పుడు వెళ్లి తిరిగి చూసుకోవచ్చు. జట్టుగా పోటీ చేయడంలో ఉన్న అసలు లాభం ఇక్కడే ఉంది. ఒంటరిగా మొత్తం తోలే ఐరన్‌మ్యాన్ తరగతివారు మార్గమంతా బుర్రలో పెట్టుకోవాలి. మీరు ఒక్కొక్కరు మీకు పడ్డ భాగం మాత్రమే నేర్చుకుంటే చాలు, అయితే దానిని క్షుణ్ణంగా నేర్చుకోవాలి. ఏ మలుపు వెనక గండి ఉంది, ఏ వాగులో రాయి పొంచి ఉంది, ఏ రాంచో దగ్గర పశువులు దారి మీద పడుకుంటాయి అనేవన్నీ పగలు ఒకసారి, మీ వంతు రాత్రి పడేట్టయితే రాత్రి మరొకసారి చూసుకోండి. పగలు చూసిన దారి రాత్రి మీ హెడ్‌లైటు వెలుగులో పరాయి దారిలా ఉంటుంది.

చరిత్రలోనూ ఇది జట్టుగా తోలిన దారే. 1962లో డేవ్ ఎకిన్స్, బిల్ రాబర్ట్‌సన్ జూనియర్ రెండు హోండా 250 బండ్లమీద టిహువానా నుంచి లా పాజ్‌కు కలిసి బయలుదేరారు. ఎకిన్స్ 40 గంటలకు కాస్త లోపు చేరారు. రెండు ఊళ్లలోనూ తంతి కార్యాలయాల్లో వేయించుకున్న ముద్రలే అప్పటి స్టాప్‌వాచ్. 1967లో మొదటిసారి అసలు పోటీ జరిగినప్పుడు మాల్కం స్మిత్, జె.ఎన్. రాబర్ట్స్ ఒకే హస్క్‌వార్నా బండిని పంచుకున్నారు. మోటారుసైకిళ్లలో 11 సార్లు గెలిచిన జానీ క్యాంప్‌బెల్ కూడా ఆ గెలుపులన్నీ సహచరులతో పంచుకున్నవారే.

రాత్రిడ్యూటీ రాశారు:

నేను బండి తోలను. రెండేళ్లు ఒక జట్టుకు ఛేజ్ ట్రక్కు, అంటే రైడర్లనూ సామానునూ మోస్తూ రోడ్డు మీదుగా బండిని వెంబడించే ట్రక్కు, నడిపాను. రైడర్ల సంగతి పాతసైలెన్సర్ గారు చెప్పారు కనుక ట్రక్కు సంగతి నేను చెబుతాను. సాధారణంగా ఎవరూ పట్టించుకోనిదీ, జట్లు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే.

మీ బండి అడ్డదారిన పోతుంది, మీరు చుట్టుదారిన పోవాలి. శాన్ ఫెలిపే నుంచి ఎన్సెనాడాకు హైవే 3 మీద దాదాపు 245 కిలోమీటర్లు, అందులో సగం కొండమలుపులే. హైవే 1 చాలా చోట్ల రెండు లారీలు ఎదురైతే అద్దాలు రాసుకునేంత ఇరుకు, తారు అంచు దాటితే ఆగడానికి పక్కన చోటే ఉండదు. చీకటి పడ్డాక ఆవులు వెచ్చదనం కోసం తారు మీదికి వస్తాయి. నవంబరు మధ్యలో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, అంటే పదమూడు గంటలకు పైగా చీకటిలో నడపాలి. రైడర్‌కు హెల్మెట్, ఛాతీకవచం, పద్ధతిగా విశ్రాంతి అన్నీ ఏర్పాటు చేస్తాం. ట్రక్కు డ్రైవరుకు మాత్రం ఒక ఫ్లాస్కు కాఫీ ఇచ్చి ఊరుకుంటాం. ఒక్కో ట్రక్కుకు ఇద్దరు డ్రైవర్లు లేకుండా దయచేసి బయలుదేరకండి.

పెట్రోలు విషయం ముందే లెక్క వేసుకోండి. ఎల్ రొసారియో దాటి హైవే 1 మీద దక్షిణానికి వెళ్తే మూడు వందల కిలోమీటర్లకు పైగా నమ్మదగిన బంకు ఉండదు. మధ్యలో కటావిన్యాలో రోడ్డు పక్కన డ్రమ్ములు పెట్టుకుని అమ్ముతారు, జనం ఎక్కువైన రోజున అవీ ఖాళీ అవుతాయి. సైనిక తనిఖీ కేంద్రాలలో ట్రక్కులో ఉన్న ప్రతి పెట్టెనూ విప్పించే అవకాశం ఉంది, కనుక పనిముట్లను ఒకదానిమీద ఒకటి పారేసి సర్దకండి. అమెరికా వాహన బీమా అక్కడ చెల్లదు, మెక్సికో బీమా విడిగా తీసుకోవాలి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ముద్ర ఉంటే మెక్సికో వీసా అక్కరలేదు. కానీ మనలో చాలామందికి ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయి, హెచ్1బీ పొడిగింపు కాగితం ఒక్కటే చేతిలో ఉంటుంది. ఆ కాగితం అమెరికాలో ఉండటానికి పనికివస్తుంది గాని మెక్సికోలోకి పోవడానికి పనికిరాదు. మా జట్టులో ఒకరికి ఈ సంగతి పోటీకి పది రోజుల ముందు తెలిసింది. చివరికి ఆయన సరిహద్దుకు ఇవతల కూర్చుని మాకు ఫోనులో వాతావరణం చదివి వినిపించారు. పేర్లు ఇచ్చే ముందు ఐదుగురి పాస్‌పోర్టులూ బల్లమీద పరిచి చూసుకోండి.

గేరునాలుగు రాశారు:

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. ఎడారిలో నేను తోలింది జైసల్మేర్ దగ్గర ఒక శిక్షణ శిబిరంలో మూడు రోజులు మాత్రమే. డాకార్ ఎడారి ర్యాలీని మాత్రం ఏళ్ల తరబడి శ్రద్ధగా గమనిస్తున్నాను. నాకు పాతసైలెన్సర్ గారి వాదనతో పూర్తి ఏకీభావం లేదు.

పోటీ అన్నాక వేగమే కొలమానం. ఇద్దరు వేగంగా తోలగలిగినప్పుడు మూడో వాడికి సమాన వాటా ఇవ్వడం స్నేహధర్మమే గాని పోటీధర్మం కాదు. డాకార్‌లో జట్టు అంటే ఎవరి బండి వాళ్లే రెండు వారాలు తోలతారు, ఎవరి కాలం వాళ్లకే లెక్క. అయినా జట్టుతనానికి అక్కడ లోటేమీ లేదు. దారిలో ఒకరి బండి చెడితే తోటి పోటీదారు సాయం చేయవచ్చు, బయటివాళ్లు మాత్రం చేయకూడదు. గాయపడినవారి దగ్గర ఆగినవారికి ఆ కాలాన్ని తిరిగి కలుపుతారు. మన హీరో మోటోకార్ప్ జట్టు 2017లో మొదటిసారి డాకార్‌కు వెళ్లింది. 2022లో జోవాకిం రోడ్రిగ్స్ ఒక దశ గెలిచారు, 2024లో రాస్ బ్రాంచ్ మొత్తం పోటీలో రెండో స్థానంలో నిలిచారు. దశ గెలిచినా స్థానం పొందినా ఆ ఒక్కడి బలంతోనే కదా! ఒకే బండిని చేతులు మార్చుకుంటూ పోవడంలో ఎవరి సత్తా ఎంతో ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు వేగంగా తోలేవారికి ఎక్కువ వాటా ఇచ్చేయడమే న్యాయం.

పాతసైలెన్సర్ రాశారు:

గేరునాలుగు గారూ, ఎవరి సత్తా ఎంతో తెలియదన్నారు. నిజమే, తెలియదు. అది తేల్చుకోవాలనుకున్నవాళ్లు ఐరన్‌మ్యాన్ తరగతిలో పేరు ఇవ్వాలి. వంతులవారీ పోటీలో వేరే సత్తాకు పరీక్ష జరుగుతుంది. మేము ఆగిపోయిన కథ ఇప్పుడు చెబుతాను.

ఆ ఏడు మేము నలుగురం. మాలో అందరికంటే వేగంగా తోలే మిత్రుడికి వాయే దే త్రినిదాద్ నుంచి శాన్ ఫెలిపే దాకా ఉన్న భాగం ఇచ్చాం. అతని తర్వాతి వంతు నాది. అనుకున్నదానికంటే పదకొండు నిమిషాలు ముందే వచ్చాడు, మేమందరం చప్పట్లు కొట్టాం. అతను బండి దిగి, గాగుల్స్ తీసి, "బండి బ్రహ్మాండంగా ఉంది, ఎక్కు" అన్నాడు. ట్యాంకు నింపి, ఎయిర్ ఫిల్టరు మార్చి, రెండు నిమిషాల్లో నన్ను పంపించారు. అప్పటికి వెలుగు పోతోంది.

ఇరవై మైళ్లు బాగానే సాగింది. ఆ తర్వాత సిల్ట్ మొదలైంది. సిల్ట్ అంటే ఇసుక కాదు. ముగ్గుపిండి కంటే మెత్తగా, నీళ్లలా పారే దుమ్ము. దాని కింద ఏముందో కంటికి కనబడదు, చక్రం సగం దాకా మునుగుతుంది, యాక్సిలరేటర్ వదిలితే బండి అక్కడే కూలబడుతుంది. రెండో గేరులో ఇంజను అరుస్తుంటే తోస్తూ పోతున్నాను. హెడ్‌లైటు వెలుగులో తెల్లగా ఏదో లేస్తోంది. దుమ్మేననుకున్నాను. కాసేపటికి తీపి వాసన వచ్చింది. కూలెంట్ మరిగితే వచ్చే ఆ వాసన తెలిసినవారికి గుండె జారిపోతుంది. ఆపి చూస్తే ఎడమ రేడియేటర్ అడుగున వేలిగోరంత చీలిక, దాని మీద పాత మట్టి గట్టిపడి ఉంది. అంటే ఆ దెబ్బ నా చేతిలో తగిలింది కాదు.

వీపున ఉన్న సంచిలో తాగే నీళ్లు మొత్తం రేడియేటర్‌లో పోశాను. ఆరు మైళ్లు వచ్చింది. ఆ తర్వాత ఇంజను బిగుసుకుపోయింది. రాత్రి రెండింటికి ట్రక్కు వచ్చేదాకా ఒక ఓకొటియో పొద దగ్గర కూర్చున్నాను. చలి ఎలా ఉందంటే హెల్మెట్ తీయబుద్ధి కాలేదు.

మా మిత్రుడు త్రినిదాద్ దాటాక ఒక వాగులో పడ్డాడు. ప్రీరన్‌లోనూ అదే చోట పడి ఉండటంతో ఈసారి చెప్పడానికి సిగ్గుపడ్డాడు. బండి లేచి నడిచింది, మీటరు మీద వేడి దీపం వెలగలేదు, కనుక ఏమీ కాలేదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. బండి చేతులు మారినచోట ఒక్క మాట చెప్పి ఉంటే ఎంసీల్ పూసి, అది గట్టిపడేలోపు గొట్టం మార్చి, పావుగంట నష్టంతో బయటపడేవాళ్లం. పదకొండు నిమిషాలు మిగిల్చినవాడు మాకు పోటీనే పోగొట్టాడు. అతను చెడ్డవాడు కాదు, ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు, ఆ రాత్రి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

ఆ తర్వాత మేము ఒక నియమం పెట్టుకున్నాం. దిగే రైడర్ హ్యాండిల్ వదలకముందే మెకానిక్ మొహంలోకి చూసి మూడు సంగతులు చెప్పాలి: ఎక్కడ పడ్డాడు, బండిలో కొత్తగా ఏం వినబడుతోంది, తాను ఎంత పెట్రోలు మిగిల్చాడు. పడకపోతే "పడలేదు" అని నోరు తెరిచి చెప్పాలి. మాట్లాడకుండా ఊరుకుంటే పడినట్టే లెక్క, బండి కదలదు. ఎర్రమట్టి గారూ, వాటాలు పంచేముందు మీ ఐదుగురిలో ఎవరు పడ్డానని వెంటనే ఒప్పుకుంటారో గమనించండి. బండి ఎక్కువసేపు వాళ్ల చేతిలో ఉండాలి.

నల్లరేగడి రాశారు:

వృత్తిరీత్యా అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యుడిని. వాటాల తగవులోకి రాను. కానీ చర్చ గెలుపోటముల చుట్టూ తిరుగుతోంది కనుక కొన్ని విషయాలు గుర్తు చేస్తాను.

2013 నవంబరు 15న బాహా 1000లో కర్ట్ కసెల్లీ తన జట్టు ముందంజలో ఉండగా, ఎన్సెనాడా ముగింపు గీత ఇంకెంతో దూరం లేదనగా పడి చనిపోయారు. ఆయనకు ముప్పై ఏళ్లు. అడ్డొచ్చిన జంతువు తగిలినట్టు ఆనవాళ్లున్నాయని అప్పట్లో ఆయన జట్టు తెలిపింది. ప్రపంచంలోని అతి నేర్పరులలో ఆయన ఒకరు. ఆయన పేరిట ఏర్పడిన ఫౌండేషన్ అప్పటినుంచి రైడర్ల భద్రత కోసమే పనిచేస్తోంది. గేరునాలుగు గారు చెప్పిన హీరో జట్టు విషయంలో కూడా ఒకటి మరవకూడదు. 2020 డాకార్ ఏడో దశలో ఆ జట్టు రైడర్ పాలో గొన్సాల్వెస్ పడిపోయారు. వెనకే వచ్చిన టోబీ ప్రైస్ పోటీని పక్కనపెట్టి ఆగి సాయం కోరారు, అయినా ఆయన ప్రాణం దక్కలేదు. హీరో జట్టు ఆ ఏడాది పోటీ నుంచి పూర్తిగా తప్పుకుంది. 2022లో దశ గెలిచిన రోడ్రిగ్స్ ఆయనకు బావమరిది వరస. ఆ గెలుపు ఒక్కడి బలంతో వచ్చిందని నేను అనుకోను.

బాహాలో ప్రత్యేకంగా మూడు ప్రమాదాలున్నాయి. మార్గం పూర్తిగా మూసివేసినది కాదు, ఎదురుగా పికప్ రావచ్చు. ప్రేక్షకులు సరదా కోసం మిట్టలు తవ్వి, గుంతలు చేసి బండ్లు ఎగిరిపడటం చూస్తారు, కనుక ఎడారి మధ్యలో ఎక్కడైనా జనం గుమికూడి కెమెరాలు పట్టుకుని ఉంటే అక్కడ వేగం తగ్గించండి. మూడోది ఇదే పోటీలో పరుగెత్తే ట్రోఫీ ట్రక్కులు. మోటారుసైకిళ్లను కొన్ని గంటల ముందే వదులుతారు గాని, దాదాపు వెయ్యి గుర్రాల బలమున్న ఆ ట్రక్కులు చీకటి పడేలోపో పడ్డాకో మిమ్మల్ని అందుకుంటాయి. దుమ్ములో వాటి డ్రైవరుకు మీరు కనబడరు. ట్రాకింగ్ పరికరం హెచ్చరిక మోగించిన వెంటనే దారి దిగి నిలబడండి. ఎంత దూరం దిగాలని అడిగితే, మీకు అనవసరం అనిపించేంత దూరం.

ఎర్రమట్టి రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. పాతసైలెన్సర్ గారి రేడియేటర్ కథను నిన్న మా ఐదుగురం కలిసి చదివాం. చదివాక కోయంబత్తూరు మిత్రుడు, గత నెల ప్రాక్టీసులో క్లచ్ లీవర్ వంచింది తానేనని ఒప్పుకున్నాడు. ఇన్నాళ్లూ అందరం గుంటూరు మిత్రుడిని అనుమానిస్తూ వచ్చాం.

మరో సందేహం. మాలో తేలికైనవాడు 62 కిలోలు, బరువైనవాడు 98 కిలోలు. ఎత్తులో కూడా జానెడు తేడా ఉంది. ఒకే సస్పెన్షన్ అందరికీ ఎలా సరిపోతుంది?

చైన్‌స్ప్రాకెట్ రాశారు:

సరిపోదు. ఎవరికీ పూర్తిగా సరిపోకుండా, అందరూ భరించగలిగేలా పెట్టుకోవాలి. విశాఖలో పాతికేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నాను, అందులో ఐదేళ్లు రాజస్థాన్ ర్యాలీలకు సర్వీసు చేశాను. నా లెక్క ఇది. స్ప్రింగులు బరువైనవారికి దగ్గరగా పెట్టండి. మెత్తటి స్ప్రింగు మీద బరువైనవాడు వేగంగా పోతే అడుగంటి ఫ్రేము దెబ్బతింటుంది, గట్టి స్ప్రింగు మీద తేలికైనవాడికి నడుము నొప్పి మాత్రమే వస్తుంది. నడుముకు మందుంది. ఎవరికి ఎన్ని క్లిక్కులో కంప్రెషన్ స్క్రూ పక్కన టేపు మీద రాసి అంటించండి, బండి చేతులు మారినప్పుడు మెకానిక్ తిప్పేస్తాడు. లీవర్లు కొంచెం వదులుగా బిగించి, ఒక్కొక్కరి స్థానానికి ఒక రంగు గీత హ్యాండిల్ మీద గీయండి. రైడర్ ఎక్కుతూనే చేత్తో తోసి తన గీతకు తెచ్చుకుంటాడు. పడినప్పుడు లీవరు విరగకుండా తిరిగిపోవడానికి కూడా ఆ వదులు పనికొస్తుంది.

టైర్లలో ట్యూబుకు బదులు మూస్ అనే స్పంజి చుట్ట వేస్తారు. పంక్చరు భయం ఉండదు. కానీ లోపల గ్రీజులాంటి జెల్ సరిగా పూయకపోతే, చదును నేలమీద ఎక్కువసేపు వేగంగా పోయినప్పుడు వేడెక్కి ముక్కలైపోతుంది. నేను మొదటిసారి వేసినప్పుడు జెల్ పొదుపు చేశాను. టైరు విప్పితే లోపలినుంచి ఉప్మా రాలినట్టు రాలింది. ఆ రోజు నుంచి పొదుపు మానేశాను. మార్గం మధ్యలో రెండు చోట్ల వెనక చక్రం మొత్తంగా మార్చేలా మూస్, డిస్కు, స్ప్రాకెట్‌తో సహా సిద్ధం చేసిన చక్రాలు రెండు ట్రక్కుల్లోనూ ఒక్కొక్కటి ఉంచండి.

ఎయిర్ ఫిల్టరు మీద నూనె పూసిన తొడుగులు వేసి, ప్రతి పిట్‌లో, అంటే బండి ఆపి పెట్రోలు పోసే చోట, పైది ఒకటి లాగేయండి, పది సెకన్ల పని. ఇంధనం సంగతికి వస్తే, పోటీ వేగంలో ఇసుకలో ఈ బండి తాగుడు మీ వారాంతపు లెక్కకు అందదు. ప్రీరన్‌లో ట్యాంకు ఎంత దూరానికి అయిపోయిందో చూసి, అందులో మూడో వంతు తగ్గించి పిట్‌లు నిర్ణయించుకోండి. అన్ని చోట్లకూ మీ ట్రక్కులే పోనక్కరలేదు. మ్యాగ్ 7 లాంటి స్వచ్ఛంద క్లబ్బులలో సభ్యత్వం కడితే వాళ్ల పిట్‌లలో పెట్రోలు పోస్తారు.

గేరునాలుగు రాశారు:

నల్లరేగడి గారి మాట ఒప్పుకుంటున్నాను. గొన్సాల్వెస్ విషయం నేనే ముందు ప్రస్తావించవలసింది. కానీ ఒక పాయింటు వదలను. నిజం చెప్పడం, పొదుపుగా తోలడం జట్టుకు అవసరమే, అంతమాత్రాన వేగం అనవసరమని కాదు. అందరూ నిజాయితీగా నిదానంగా తోలితే కాలపరిమితి దాటిపోయి, ముగింపు గీత దగ్గర ఎవరూ లేని సమయంలో చేరుతారు. కాబట్టి ఎర్రమట్టి గారు వేగమున్న ఇద్దరికీ రెండేసి వంతులు ఇవ్వాలనే నా అభిప్రాయం.

పాతసైలెన్సర్ రాశారు:

దానితో నాకు పేచీ లేదు. ఆ రెండు వంతుల మధ్య కనీసం ఆరు గంటల నిద్రో నడుము వాల్చడమో ఉండాలి, అంతే. కదులుతున్న ట్రక్కులో కూర్చోవడం విశ్రాంతి కాదు.

ఎర్రమట్టి రాశారు:

ఇంతవరకు చదివిన తర్వాత మేము వేసుకున్న పథకం ఇది. మార్గాన్ని ఏడు వంతులు చేశాం. చీకట్లో ఎన్సెనాడా నుంచి వాయే దే త్రినిదాద్ దాకా గుంటూరు మిత్రుడు తోలతారు, వేగమున్న ఇద్దరిలో ఆయన ఒకరు. అక్కడినుంచి శాన్ ఫెలిపే దాకా నేను. వూప్స్ మొత్తం, గొన్సాగా తీరం దాకా, రెండో వేగస్థుడైన మెక్సికన్ తమ్ముడు. అక్కడినుంచి కటావిన్యా వైపు కోయంబత్తూరు మిత్రుడు. తర్వాత ఎల్ రొసారియో దాకా మళ్లీ గుంటూరు మిత్రుడు, అక్కడినుంచి శాన్ వింసెంతే దాకా మళ్లీ తమ్ముడు. చివరి భాగం, అంటే కొండల మీదుగా ఎన్సెనాడాలోకి దిగేది, అన్నగారికి ఇచ్చాం. రెండు ట్రక్కులు, నలుగురు డ్రైవర్లు. పాస్‌పోర్టులు చూసుకున్నాం. నా వీసా ముద్రకు ఒక్కదానికే గడువు తీరింది, మెక్సికో కాన్సులేటులో అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

రాత్రిడ్యూటీ రాశారు:

పథకం బాగుంది. ఒకచోట మాత్రం నాకు అభ్యంతరం. చివరి భాగం అన్నగారికి ఎందుకు ఇచ్చారు? ఐదుగురిలో నిదానంగా తోలేది ఆయనేనని మీరు మొదట్లో నాకు విడిగా రాశారు. మీ అంచనా ప్రకారం ఆ భాగం అర్ధరాత్రి దాటాక పడుతుంది. పసిఫిక్ వైపునుంచి పొగమంచు కమ్ముకునే వేళ అది, హెడ్‌లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ కనబడుతుంది. ట్రోఫీ ట్రక్కుల రద్దీ కూడా అక్కడే. ముగింపు గీత దాటే గౌరవం ఆయనకు దక్కాలని ఇచ్చి ఉంటే, అందరూ కలిసి గీత దగ్గర ఫోటో దిగితే సరిపోతుంది. ఆ వంతు వేగమున్నవారిలో ఎవరికైనా మార్చండి.

ఎర్రమట్టి రాశారు:

గౌరవం కోసం కాదండీ. అన్నగారు పుట్టి పెరిగింది ఓహోస్ నెగ్రోస్ దగ్గర ఒక రాంచోలో. పదో ఏట నుంచి ఆ కొండల్లో పశువుల వెంట బండి మీద తిరిగారు. గత నెల రాత్రి ప్రీరన్‌కు అందరం కలిసి వెళ్లినప్పుడు మంచు దట్టంగా పట్టింది. మా ఇద్దరు వేగస్థులూ మొదటి గేరులో కాళ్లు నేలకు ఆనించి పాకుతుంటే, ఆయన పెద్ద లైటు ఆపేసి, కింద ఉన్న చిన్న పసుపు లైటు ఒక్కటే వేసుకుని, కుడిపక్క కంచె గుంజలు లెక్కపెట్టుకుంటూ మా ముందు వెళ్లిపోయారు. మేము చేరేసరికి టాకోలు చెప్పి కూర్చున్నారు. దారిలో ఒకసారి పడ్డానని కూడా ఆయనే చెప్పారు, మేము అడగకముందే.

రాత్రిడ్యూటీ రాశారు:

అయితే మార్చకండి. ఆ పసుపు లైటుకు వేరే స్విచ్చి, వేరే వైరు వేయించండి, పెద్ద లైటు పోయినా అది వెలగాలి. రెండో ట్రక్కు వెనక సీటు ఆయనకు ఒక్కరికే వదిలి, మధ్యాహ్నం నుంచి ట్రక్కును శాన్ వింసెంతేలో కదలకుండా ఆపి ఉంచి, ఆయనను పడుకోనివ్వండి. ఆయన తమ్ముడు వచ్చే అరగంట ముందు లేపితే చాలు.